వంకాయల క్రిస్మస్

ఈ ఏడాది మా ఇంటి క్రిస్మస్ కానుకల పెత్తనం స్నేహది. స్నేహ మా పెదనాన్న కొడుకు కూతురు, విశాఖపట్నంలో ఉద్యోగం. నవంబరు వచ్చిందో లేదో మా వాట్సాప్ గ్రూపులో ఉన్న అందరి పేర్లూ ఫోనులో వేసి కలిపేసింది. ఎవరు ఎవరికి కానుక ఇవ్వాలో ఆ ఫోనే తేల్చి, ఎవరి మటుకు వాళ్లకి చెవిలో చెప్పినట్టు చెబుతుంది. పుచ్చుకునేవాళ్లు తమకేం కావాలో ముందే రాసి, అది ఎక్కడ దొరుకుతుందో లింకు కూడా పెడతారు. ఇచ్చేవాళ్లు ఆ లింకు నొక్కితే చాలు, వస్తువు పెట్టెలో పడి పుచ్చుకునేవాళ్ల గుమ్మంలో దిగుతుంది. ఇచ్చినవాళ్లు దాన్ని కంటితో చూడనైనా చూడరు. తప్పు పట్టడం లేదు. అమెరికా దగ్గర్నించి అనకాపల్లి దాకా చెదిరిపోయిన కుటుంబాన్ని ఆ పిల్ల ఒక తాటి మీదికి తెస్తోంది, అది చిన్న పనేమీ కాదు. కానీ నాకు వచ్చిన పేరు మా చిన్నమ్మది. కావలసినది రాయాల్సిన చోట ఖాళీగా ఉంది. స్నేహకి ఫోన్ చేస్తే, "చిన్నమామ్మకి లింకు పెట్టడం రాదు కదత్తా, ఏదో ఒక శాలువా పంపించేయ్" అంది. డెబ్బై దాటిన ప్రతి మనిషి కోసమూ ఈ లోకం ఒక శాలువా మడతపెట్టి సిద్ధంగా ఉంచుకుంటుంది. నాకూ ఎంతో దూరం లేదు గనక ఒళ్లు మండింది. "నేనే వెళ్లి అడుగుతాను" అని చెప్పి, విజయనగరంలో శ్రీకాకుళం బస్సెక్కాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఆలోచించింది చిన్నమ్మకేం కొనాలన్న సంగతి కాదు. వంకాయల గురించి. మా ఇంట్లో నా ఈడు వాళ్లు ఎక్కడ కలిసినా, పెళ్లిలోనైనా చావులోనైనా, ఏదో ఒక వేళ ఆ వంకాయల ప్రస్తావన వచ్చి తీరుతుంది.

మా చిన్నతనంలో కానుకల పెత్తనం మామ్మది. మామ్మ అంటే నాన్నని కన్నతల్లి. సాలూరులో లారీ షెడ్ల వెనక వీధిలో మాకో పొడవాటి పెంకుటిల్లు ఉండేది. మామ్మ, ముగ్గురు కొడుకులు, కోడళ్లు, మేమందరం అందులోనే. క్రిస్మస్ ముందు ఇద్దరు అత్తలూ పిల్లల్ని వెంటేసుకుని దిగేవారు. అప్పుడు పడుకోవడానికి చాపలు చాలక, మగపిల్లల్ని షెడ్డులో నిలబెట్టిన లారీల క్యాబిన్లలో పడుకోబెట్టేవారు. మా ఇంటికి ఏడాదంతా ఒకటే వాసన, డీజిలుది. నాన్న, పెదనాన్న లారీ డ్రైవర్లు. ఘాటీ ఎక్కి కొండల అవతలికి సరుకు తోలుకెళ్లి, గ్రీజు మరకలతో తిరిగొచ్చేవారు. డిసెంబరు వస్తే మాత్రం ఆ వాసన మీదికి ఇంకో వాసన వచ్చి కూర్చునేది. ముందు గోడలకి కొట్టిన పచ్చి సున్నం వాసన, ఆ తర్వాత నూనె కాగే వాసన. అమ్మ, పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని ఇనప అచ్చు పిండిలో ముంచి నూనెలో పెట్టి గులాబీ పువ్వులు వేసేవారు. అచ్చు బాగా కాగితే గాని పువ్వు విడవదు. తొలి రెండు మూడూ అచ్చుకే అంటుకుపోయేవి. అవి పిల్లలవి. అందుకని అవి విడవకూడదని మేం గడప దగ్గర నిలబడి ప్రార్థన చేసేవాళ్లం.

మామ్మ గుప్పెడంత మనిషి. చుట్ట కాల్చేది, అది కూడా నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. సాయంత్రం కుటుంబ ప్రార్థన వేళకి చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకునేది, ఆమెన్ అనగానే మళ్లీ తీసేది. పాస్టరుగారు ఒకసారి ఆ విషయం మెల్లిగా ఎత్తితే, "అయ్యా, ప్రభువుకి నాను పొగ పెట్నేదు, నాలోపల నాను పెట్టుకుంతన్నాను" అంది. ఆయన మరి ఎత్తలేదు.

కానుకల విషయంలో మామ్మ పెట్టిన కట్టు ఒకటే. ఇంట్లో పిల్లలందరికీ ఒకే తాను గుడ్డ. ఆడపిల్లలకి గౌన్లు, మగపిల్లలకి చొక్కాలు, మిగిలిన ముక్కలు చంటిపిల్లల టోపీలకి. ఏ తండ్రీ తన పిల్లకి విడిగా ఏమీ తేకూడదు. నేను పుట్టకముందు ఒక క్రిస్మస్‌కి పెదనాన్న ఘాటీ అవతల నించి తన కూతురికి లేసు గౌను పట్టుకొచ్చాడట. పెద్దత్త కూతురు అది చూసి చర్చి వెనక్కి పోయి ఏడుస్తూ కూర్చుందట. ఆరాధనంతా అయ్యేదాకా ఆ పిల్ల కనపడలేదట. ఆ మర్నాడే మామ్మ కట్టు పెట్టింది. వీధిలో వాళ్లు మమ్మల్ని చూసి "ఒకే తానులో ముక్కలు వస్తన్నాయిరోయ్" అని నవ్వేవారు. నవ్వితే మాకేం, వరసగా నడిచి వెళ్తుంటే మేం ఎంతమందిమో అందరికీ తెలిసేది.

ఆ కట్టులో ఇంకో మెలిక ఉంది. ఆ తాను ఏదన్నది ఎంచేది మామ్మ కాదు. ఇంటికి అందరికన్నా ఆఖరున వచ్చిన కోడలు. "కొత్తగా వచ్చిన మడిసి మాట సంవత్సరానికి ఒక్కపాలైనా ఇంటిల్లిపాదీ ఇనాల" అనేది మామ్మ. ఇంకో కోడలు వచ్చేదాకా ఆ హక్కు ఆ మనిషిదే. నేను పుట్టిన దగ్గర్నించీ ఎంచింది మా అమ్మే. అమ్మ ఎప్పుడూ ముదురు నీలమే తెచ్చేది, మాపు కనపడదని. ఏళ్ల తరబడి మా క్రిస్మస్ ముదురు నీలం రంగులో నడిచింది. కొత్త గుడ్డ గంజి వాసన ఇప్పటికీ నా ముక్కుకి నీలంగానే తగులుతుంది.

తాను కొనేది బజారులో షావుకారు కొట్లో. షావుకారు గారిది తాతల నాటి బట్టల వ్యాపారం. భార్య పోయాక మళ్లీ పెళ్లి మాట ఎత్తకుండా కొడుకునీ కూతురినీ పెంచుకొచ్చాడు. కూతురు వరలక్ష్మి బడి అయిపోగానే కొట్టుకే వచ్చేది, తానుల మధ్య కూర్చుని చదువుకునేది. తండ్రి గుడ్డ కొలుస్తుంటే అవతలి అంచు పట్టుకునేది ఆ పిల్లే. షావుకారు గారికి ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. తన మనుషులు అనుకున్న వాళ్లని తిట్టేవాడు. పనికిమాలిన గుడ్డ ఎంచుకుంటే లాక్కుని, "నీకు కళ్లున్నాయా, కుంకుడుకాయలున్నాయా?" అని వేరేది చేతిలో పెట్టేవాడు. కొత్తవాళ్లకీ గిట్టనివాళ్లకీ మాత్రం మర్యాద. అడిగింది కొలిచి, మడిచి, దండం పెట్టి పంపేవాడు. మామ్మ వెళ్తే చాలు, "వచ్చిందమ్మా తల్లి! ఈ ఏడూ పిల్లలకి జైలు బట్టలేనా?" అని మొదలెట్టేవాడు. మామ్మ కూడా తక్కువ తినలేదు. ఆ ఇద్దరూ అరుచుకుంటుంటే బజారంతా పండగ వచ్చిందని తెలుసుకునేది.

మా చిన్నాన్న లారీ ఆఫీసులో గుమస్తా. బట్టల బేళ్లు వస్తే ఆ కొట్టుకి చేర్చి సంతకం పెట్టించుకోవడం ఆయన పని. ఆ సంతకాలు ఎక్కువసార్లు వరలక్ష్మే పెట్టేదని మాకు తర్వాత తెలిసింది. ఒక వానాకాలం ఇద్దరూ విజయనగరం వెళ్లి రిజిస్టరు పెళ్లి చేసుకుని, తడిసిన బట్టలతో మా గుమ్మంలో నిలబడ్డారు. మామ్మ చుట్ట నోట్లోంచి తీసి, "తల తుడుసుకోండి ముందు" అంది. అలా వరలక్ష్మి మాకు చిన్నమ్మ అయింది. నుదుట చిన్న బొట్టుతోనే మాతో చర్చికి వచ్చేది. దాని మీద ఎవరైనా ఏదైనా అనబోతే మామ్మ వాళ్లవైపు తిరిగి చూసేది, అంతే.

షావుకారు గారు మా ఇంటి మీదికి రాలేదు, గొడవ చేయలేదు. అడిగినవాళ్లకి "నాకు కూతురు లేదండి" అని మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద సంగతి విని చిన్నమ్మ బెదిరిపోయింది. తిట్టాడని చెబితే ఊరుకునేదేమో. నీళ్లకి వెళ్లినప్పుడల్లా ఆ బజారు తప్పించి చుట్టు తిరిగి వెళ్లేది. తండ్రి ఎప్పుడైనా మా వీధిన వెళ్తుంటే తలుపుచాటుకి తప్పుకునేది. పళ్లెంలో అన్నం కెలికి లేచిపోయేది. తల్లి ముఖం గుర్తులేని పిల్లకి ఉన్నది ఆ తండ్రొక్కడే. ఆయన మళ్లీ తన పేరు పెట్టి పిలుస్తాడా లేదా అన్న ఒక్క దిగులే ఆవిడ ముఖంలో కనిపించేది. పదేళ్ల పిల్లని, నాకే తెలిసేది.

డిసెంబరు వచ్చింది. తాను ఎంచాల్సిన హక్కు ఇప్పుడు చిన్నమ్మది. అమ్మ పైకి "హమ్మయ్య, నాకా బరువు తప్పింది" అంది గాని, మూతి మూడు వంకర్లు పోయింది. పెదనాన్న గొంతు సవరించుకుని, ఈసారి గుడ్డ బొబ్బిలి నించి తనే తెస్తానన్నాడు.

"సాలూర్లో బట్టల కొట్లు మూసీసినారేటి?" అంది మామ్మ.

"కొట్లున్నాయి గాని అమ్మా, ఆ కొట్టుకి ఎలా ఎల్తాం? మొహం మీద పొమ్మంటే?"

"బోణీ బేరాన్ని పొమ్మనీ షావుకారు ఈ బూమ్మీద పుట్టినేదు" అంది మామ్మ.

అదీ ఆవిడ ఆలోచన. పొద్దున్నే కొట్టు తెరిచాక మెట్టెక్కిన మొదటి బేరాన్ని ఏ వ్యాపారీ వెనక్కి తిప్పి పంపడు. లక్ష్మిని తిప్పి పంపినట్టే. అందుకని మర్నాడు ఇంకా మంచు విడవకముందే మామ్మ, చిన్నమ్మ, కొలతకి నేనూ బయల్దేరాం. కొలతకి నన్నే ఎందుకంటే, మా పిల్లల్లో నేను మరీ పొడుగూ కాను, మరీ పొట్టీ కాను. నన్ను చూసి మిగతావాళ్లందరికీ లెక్క కట్టేవారు. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని నడిచాను. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. చలికని అనుకున్నాను.

షావుకారు గారు అప్పుడే తలుపులు తీసి, మెట్ల మీద నీళ్లు చల్లి, లోపల లక్ష్మి పటానికి సాంబ్రాణి వేస్తున్నాడు. మామ్మ మమ్మల్ని అరుగు కింద ఆపింది. "ఆయన దండం ఆయన్ని పెట్టుకోనీండి" అంది. ఆయన దండం పెట్టుకుని ఇటు తిరిగేసరికి మామ్మ మెట్టెక్కేసింది.

"బోణీ మాదే షావుకారు బాబూ!"

ఆయన మామ్మని చూశాడు. వెనకాల చిన్నమ్మని చూశాడు. చూసి చూపు తిప్పేసి, చేతులు జోడించాడు. "రండమ్మా, కూర్చోండి. ఏం కావాలండీ?"

ఆ 'అండీ' వినగానే చిన్నమ్మ వేళ్లు నా వేళ్లని నలిపేశాయి.

"ఏటి కావాలో నాకేటి తెలుసు? మా ఇంట కొత్త కోడలు ఎంచుతాది. మా కట్టు నీకు తెల్దేటి?" అంది మామ్మ.

"తెలుసండి. అయితే ఆవిడకి ఏ రకం చూపించాలో అడిగి చెప్పండి."

ఆవిడ! మామ్మ చిన్నమ్మ వైపు తిరిగింది. చిన్నమ్మ తలవంచుకునే, "పిల్లలకత్తా. పాప్లిన్" అంది. ఆయనకి వినపడింది, అయినా మామ్మ మళ్లీ చెప్పేదాకా కదల్లేదు. తర్వాత ఒక్కొక్క తానూ దించి పరిచాడు. ఎంత మంచి గుడ్డలో! లేత ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు, గులాబీ రంగు మీద సన్న గీతలు. నా చెయ్యి దానంతటదే వాటి మీదికి పోయింది. "రంగు దిగదండి. ఉతికే కొద్దీ మెత్తబడుతుందండి" అని మామ్మకే చెబుతున్నాడు. గొంతు ఒకే తీరుగా, ఎవరికో ఊరు కాని ఊరివాళ్లకి చెప్పినట్టు. చిన్నమ్మ ఒక్కొక్కటీ చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్లీ దించాడు. మళ్లీ అంతే. ఆఖరికి చిన్నమ్మ చెయ్యెత్తి పై అరలో మూలకి చూపించింది.

"అదత్తా. పసుపుది."

షావుకారు గారు అటు చూడనైనా లేదు. "అది అమ్మకానికి కాదని చెప్పండి."

"అమ్మకానికి కాకపోతే కొట్లో ఎందుకున్నాది?" అంది మామ్మ.

ఆయన కదల్లేదు. చిన్నమ్మ నా చెయ్యి వదిలి, మూలనున్న ముక్కాలిపీట లాక్కుని, చీర కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కింది. ఆ పీట ఎక్కడుంటుందో వెతుక్కోవక్కర్లేదు కదా ఆవిడకి. తాను కిందికి లాగేసరికి గుప్పున దుమ్ము లేచింది, నేను తుమ్మాను. బల్ల మీద పరిచింది. ఎండుగడ్డి పసుపు మీద పెద్ద పెద్ద ఊదారంగు బొమ్మలు. అవి గాలిబుడగలట, అచ్చు వేసినవాడి ఉద్దేశం. కాని వాటికి పైన ఆకుపచ్చ ముడి, కింద వంకర. అచ్చం వంకాయలు. అంతకంటే వికారమైన గుడ్డని నేను ఈనాటికీ చూడలేదు. మామ్మ గుటక వేసింది. అయినా కట్టు కట్టే.

"ఇదే" అంది చిన్నమ్మ.

"పిల్లలు పండక్కి కట్టుకునేవండి, ఆవిడకి కాస్త..." అని మామ్మతో మొదలుపెట్టి షావుకారు గారు ఆగిపోయాడు. మెడ మీది నరం ఉబ్బింది. ఒక్కసారిగా ఇటు తిరిగాడు.

"ఒసే వరం! బుద్ధుందేటే నీకు? బట్టల కొట్లో పుట్టి, బట్టల కొట్లో పెరిగి, పసిపిల్లలకి పండగపూట తొడిగీ గుడ్డేటే ఇది? రెండు ఉతుకులకి గోనెసంచైపోద్ది! నాను నీకు నేర్పిందిదేనేటే? రేపు ఊరంతా ఏటనుకుంటాది, షావుకారు కూతురికి గుడ్డ ఎంచడం రాదనరా?"

కూతురు అన్న మాట ఆయన నోట్లోంచి వచ్చేసింది. వచ్చేశాకే ఆయనకి తెలిసినట్టుంది. చిన్నమ్మ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"ఇదే కావాలి నాన్నా" అంది.

ఆయన పటం వైపు చూశాడు. సాంబ్రాణి ఇంకా పొగలు పోతోంది. బోణీ. మరి దారి లేదు. మీటరు బద్ద తీశాడు. ఆయన కొలుస్తుంటే చిన్నమ్మ అవతలి అంచు పట్టుకుంది. ఎవరూ పట్టుకోమనలేదు. కొలుస్తున్నంతసేపూ ఆయన నోరు ఆగలేదు. చలిలో తలకి గుడ్డ కట్టుకోకుండా ఎవత్తి రమ్మంది? మనిషి పుల్లలా అయిపోయావేంటి, తినడం మానేశావా? ఆ జడేంటి? ఒక్కొక్క తిట్టుకీ చిన్నమ్మ "ఊ" కొట్టింది. పురాణం వింటున్నంత శ్రద్ధగా కొట్టింది.

దారిలో మామ్మ చుట్ట వెలిగించి, "గుడ్డ మాట దేవుడెరుగు గాని, మీ నాన్నకి గొంతు బాగానే ఉన్నాదే" అంది. చిన్నమ్మ ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

ఇంట్లో మాత్రం పిడుగు పడింది. తాను విప్పగానే అమ్మ, "ఓలమ్మో! ఇదేటి, కూరగాయల సంతా?" అంది. పెద్దమ్మ మామ్మని పక్కకి పిలిచి, మార్పించమని బతిమాలింది. మామ్మ వినలేదు. టైలరు అప్పన్న చూసి, "అమ్మా, ఇవి పైకెల్లాలా కిందికెల్లాలా?" అని అడిగాడు. ఎవరూ సరిగ్గా చెప్పకపోయేసరికి ఆడపిల్లల గౌన్ల మీద కాయలు కిందికి వేలాడాయి, మగపిల్లల చొక్కాల మీద పైకి నిలబడ్డాయి. క్రిస్మస్ నాడు మేం వరసగా చర్చిలోకి అడుగు పెట్టగానే పాట పాడుతున్నవాళ్లు తప్పారు. పాస్టరుగారు మమ్మల్ని చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. సెలవులు అయ్యాక బళ్లో ఉగాది దాకా నా పేరు వంకాయే. నేను ఏడ్చాను. మా పెద్దత్త కూతురు, ఒకప్పుడు లేసు గౌను కోసం ఏడ్చిన పిల్ల, నా పక్కన కూర్చుని, "అందరం ఏసుకున్నాం కదే, ఒక్కదానివే ఏడిస్తే ఎలా?" అంది. నిజమే అనిపించింది.

మరుసటి ఏడు బాగుపడతామనుకున్నాం. ముక్కుల్లేని చిలకలు వచ్చాయి. ఆ తర్వాతి ఏడు చేపలో ఆకులో తేలనివి. ప్రతి డిసెంబరులోనూ మామ్మతో కలిసి చిన్నమ్మ పొద్దున్నే బోణీకి వెళ్లేది, ప్రతిసారీ షావుకారు గారి కేకలు బజారు చివరికి వినపడేవి, ప్రతిసారీ చిన్నమ్మ ఏదో ఒక గండం చంకన పెట్టుకుని మొహం వెలిగిపోతూ వచ్చేది. ఆయన మా ఇంటి గడప తొక్కలేదు, ఆవిడని తన ఇంటికి రమ్మనలేదు. ఆ కొట్టు ఒక్కటే ఇద్దరికీ చోటు. మా అమ్మ అనేది, తండ్రి అమ్ముకోలేని సరుకంతా కూతురు మన పిల్లల వీపులకి తగిలిస్తోందని. పెద్దమ్మ అనేది, అదేం కాదు, పాపం ఆ పిల్లకి రంగుల ఎన్నిక లేదని. చిన్నాన్న తర్వాత మా ఇంటికి ఇంకో కోడలు రావడానికి ఎవరూ మిగల్లేదు గనక మేం పెద్దయ్యేదాకా మా క్రిస్మస్‌లన్నీ చిన్నమ్మ చేతిలోనే ఉండిపోయాయి.

శ్రీకాకుళంలో చిన్నమ్మ తన కొడుకు ఇంట్లో ఉంటోంది. చిన్నాన్న పోయి చాలా కాలమైంది. బస్సు కాంప్లెక్సులో దిగి ఆటో ఎక్కి వెళ్లేసరికి వరండాలో ఎండలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది, బొట్టు లేదు. కోడలు లోపల్నించి వచ్చి, "అత్తయ్యగారూ, మీరు లోపలికి రండి, ఎండ ఎక్కువైంది" అంది. మంచి పిల్ల. మనవడు వచ్చి, "మామ్మగారూ, మీ మాత్ర" అని ఇచ్చి వెళ్లాడు. అన్నీ వేళకి అమరుతున్నాయి. నేను వచ్చిన పని చెప్పాను. ఫోను నీ పేరు నాకిచ్చింది చిన్నమ్మా, నీకేం కావాలో చెప్పు అన్నాను.

"నాకేటి కావాలే? ఉన్నవే ఎక్కువ. ఎవులొచ్చినా శాలువా తెస్తన్నారు" అంది. మంచం కింద చూపించింది, మడతలు కూడా విప్పనివి దొంతర. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే వంకాయల మాట వచ్చింది. ఎన్నో ఏళ్లుగా కడుపులో ఉన్న ప్రశ్న అడిగేశాను.

"నిజం చెప్పు చిన్నమ్మా. అది అంత వికారంగా ఉందని నీకు తెలీదా?"

చేతిలో చిక్కుడుకాయ ఆపి నావైపు చూసింది. "తెలీకేటి? నాను బట్టల కొట్లో పుట్నేదేటి?"

"మరి? అమ్మ అన్నట్టు తాతగారి సరుకు వదిలించడానికా?"

"మీ అమ్మ మాటలకేటి గాని." నవ్వింది. "మంచి గుడ్డ ఎంచితే నాన్న కొలిసి, మడిసి, దండం పెట్టి ఇచ్చీసీవోడే. 'ఆవిడకి ఇచ్చీయండమ్మా' అనీవోడు. నాను ఆవిడనై ఇంటికొచ్చీసీదాన్ని. ఆ పసుపు తాను తీస్తే మటుకు ఊరుకోలేడని తెలుసు. ఒసే అంటాడు. అన్నాడు."

"మరి చిలకలు? ఆ చేపలు?"

"మరేటి సెయ్యమంతావు? ఏడాదికి ఒక్కపాలి కదా ఆ తిట్లు దొరికీవి."

అంటే మా బాల్యమంతా మేం మోసింది అది. ఒక కూతురికి ఏడాదికోసారి తండ్రి తిట్లు దొరకడం కోసం అంతమంది పిల్లలం వంకాయలూ చిలకలూ వేసుకుని ఊరేగాం. కోపం రావాలి న్యాయానికి. రాలేదు. నాకు ఎవరిదో చెయ్యి పట్టుకోవాలనిపించి, ఆవిడ ఒళ్లోని చేట పక్కకి పెట్టి ఆ చెయ్యే పట్టుకున్నాను. ఈనాడు మా పిల్లలకి ఎవరికి ఏం కావాలో అదే అందుతోంది, రంగు, కొలత, లింకుతో సహా. తప్పు గుడ్డ ఎవరి మీదా పడదు. మాకెప్పుడూ కావలసింది రాలేదు. కాని మా ఇంట్లో ఒక మనిషికి కావలసింది మా అందరి వీపుల మీదా వచ్చింది, మాకు తెలియకుండానే.

అప్పుడొకటి గుర్తొచ్చింది. "ఒక్క ఏడు మంచి గుడ్డ తెచ్చావు చిన్నమ్మా" అన్నాను. "నేను కాలేజీలో ఉన్నప్పుడు. తెల్లదాని మీద సన్న నీలం పూలు. నా జాకెట్టు ముక్క ఎన్నేళ్లు దాచుకున్నానో! చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. అమ్మ కూడా, వరానికి ఇన్నాళ్లకి కళ్లు తెరుచుకున్నాయే అంది."

చిన్నమ్మ చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఒక కాయ తీసుకుంది.

"అది నాన్న పోయిన ఏడు" అంది. "అలవాటుకొద్దీ బోణీకే ఎల్లేను. కొట్లో తమ్ముడున్నాడు. ఆడు మంచోడు. 'రా అక్కా' అని కుర్సీ ఏసేడు, టీ తెప్పించేడు. నీకేది కావాలంటే అది తీసుకో అన్నాడు. ఎర్రదాని మీద పచ్చ పీతలున్న తాను ఒకటుంటే, అదిమ్మన్నాను. 'అలాగే అక్కా' అని ఒక్క మాటైనా అనకండా కత్తెర తీసేడే." చిక్కుడు ఈనె తీసి పక్కన పడేసింది. "అదక్కడ ఒగ్గీసి, తెల్లది కొట్టించుకొచ్చీసేను."